మగ్గము కాని మగ్గము

తెలుగునాట ఏ పట్టణములోనైనను బట్టల బజారు దాటి నాలుగడుగులు వేసితిమా, మేడమెట్ల ప్రక్క గోడకు ఒక రేకుపలక కనబడును: ‘ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును’. నేతపని మీది మమకారముతో ఆ మెట్లెక్కి పోయినవానికి అక్కడ మగ్గము కనబడదు. కాళ్ళు దింపుకొను గుంట లేదు, పన్నె లేదు, నాడె అటునిటు పరుగెత్తు చప్పుడు లేదు, చాచిన పడుగు లేదు, దానిలో కలియు పేకయు లేదు. కనబడునది నాలుగు కొయ్యల చట్రము, దానిపై బిగించిన పట్టుగుడ్డ, ఆ గుడ్డ మీదికి వంగిన నాలుగైదు తలలు. గుడ్డను నేయుట ఎక్కడనో, ఎప్పుడో ముగిసినది. ఇక్కడ జరుగునది నేసిన గుడ్డ మీద సూదితో చిత్రము తీర్చుట. అయినను దాని పేరు మగ్గమే. పెండ్లికూతురి రవికకు ఈ ‘మగ్గం వర్క్’ నేడు తాంబూలమంత తప్పనిసరి యైనది గాని, అది ఎవరి పనికి ఎవరి పేరో విచారించినవారు తక్కువ. నాకు మాత్రము ఆ పలక కనబడినప్పుడెల్ల ఒక సందేహమును, దాని వెనువెంట ఒక బాధయు కలుగుచుండును: ఇంత సూక్ష్మమైన పనికి తనదైన పేరొకటి మన నోట నిలువకపోవుటకును, ఆ పని చేయువారి పేరు ఎవరికిని తెలియకపోవుటకును నడుమ సంబంధమేమైన ఉన్నదా యని.

క్రిందటి యేడు మా బంధువుల యింటి పెండ్లికి రవికలు ఇచ్చి వచ్చు నెపమున గోదావరి జిల్లాలోని యొక చిన్న పట్టణములో అట్టి మేడగదిలో నేనొక పూటంతయు కూర్చుంటిని. చట్రమునకు రెండు పొడవైన దూలములు, రెండు బద్దలు. బద్దలకు వరుసగా రంధ్రములు. పట్టుగుడ్డ అంచులను దూలములకు చుట్టిన ముతకగుడ్డకు కలిపి కుట్టి, బద్దలను లాగి రంధ్రములలో మేకులు దింపినచో, గుడ్డ డప్పు మీది తోలువలె బిగిసి, వ్రేలితో తట్టిన మ్రోగుచున్నది. అంతకు ముందే నెమలి బొమ్మను పలుచని కాగితము మీద గీచి, గీత పొడవునను సూదితో పొడిచి, ఆ కాగితమును గుడ్డ మీద పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లని పొడిని గుడ్డపీలికతో రుద్దిరట. కాగితము తీయగనే ముదురు పచ్చని పట్టు మీద నెమలి చుక్కచుక్కలుగా మంచుతో గీసినట్లు నిలిచినది. కుడిచేత ఆరీ, అనగా కొన యందు చిన్న కొక్కెము గల పొడుగుపాటి సూది. ఎడమచేయి గుడ్డ క్రింద దారముతో సిద్ధముగా ఉన్నది. ఆరీ గుడ్డలో దిగును. క్రింది చేయి దారమును కొక్కెమునకు తగిలించును. ఆరీ ఆ దారమును ఉచ్చుగా పైకి లాగును. ఆ ఉచ్చులోనుండియే మరల దిగును. ఒక ఉచ్చును మరియొక ఉచ్చు పట్టుకొనగా గొలుసు సాగుచున్నది. నేను పైచేతి వడిని చూచి ఆశ్చర్యపోవుచుండగా, అక్కడ పనిచేయు నడివయస్సు స్త్రీ తలయెత్తకయే ఇట్లన్నది: “పైచెయ్యి పని అందరూ చూస్తారు మాస్టారూ. దారం అందించేది కింది చెయ్యేనండి. అది కనపడదు కదా. కుట్టు వదులైతే మాత్రం తిట్లు దానికే.”

ఈ పేరు తారుమారు మనకొక్కరికే కలిగినది కాదు. ఫ్రాన్సు దేశపు బేయూ అను పట్టణమునకు చెందిన దాదాపు 70 మీటర్ల పొడవుగల యొక గుడ్డపట్టీ కలదు. 1066లో నార్మండీ ప్రభువగు విలియము సముద్రము దాటి ఇంగ్లండును జయించిన కథ అంతయు, గుఱ్ఱములతో, ఓడలతో, ఆకాశమున పొడమిన తోకచుక్కతో సహా, నారగుడ్డ మీద ఉన్నిదారముతో కుట్టబడి యున్నది. లోకమంతయు దానిని ‘బేయూ టాపెస్ట్రీ’ అని పిలుచుచున్నది. టాపెస్ట్రీ అనగా మగ్గము మీదనే రంగురంగుల పేకతో బొమ్మ తేలునట్లు నేయునది. బేయూ పట్టీలో బొమ్మను తేల్చినది సూది, మగ్గము కాదు. తొమ్మిది వందల యేండ్ల నాటి ఆ మహాకార్యమునకు వారు పెట్టిన పేరును, మన మేడమెట్ల ప్రక్కని రేకుపలకయు ఒకే పొరపాటు చేయుచున్నవి. దీనికి సరిగా తలక్రిందైన ఉదాహరణము కాకినాడ తీరమున ఉప్పాడలో ఉన్నది. అచ్చటి జామదానీ చీరను దూరమునుండి చూచినవారు పువ్వులను సూదితో కుట్టినారనియే తలంతురు. కాని ఆ పువ్వులన్నియు నేత నడుచుచుండగనే అదనపు పేకదారమును చేతితో ఇమిడ్చి మగ్గము మీద పూయించినవి. మగ్గము పువ్వు కుట్టుపువ్వువలె కనబడును, కుట్టుపువ్వు మగ్గము పేరు చెప్పుకొని బ్రదుకును.

ఇక మాటల సంగతి. మనకు అచ్చమైన క్రియ ఒకటి ఉన్నది: కుట్టు. దాని విస్తృతిని ఒకసారి తలపోసిన గాని అది ఎంత పెద్ద మాటయో తెలియదు. చింపిన చొక్కా కుట్టుదుము, చెప్పులు కుట్టుదుము, మోదుగాకులకు పుల్లలు గ్రుచ్చి విస్తళ్ళు కుట్టుదుము, ఆడపిల్లకు పూలజడ కుట్టుదుము, గాయము విచ్చినచో వైద్యుడు కుట్లు వేయును. తేలు కుట్టును, తేనెటీగ కుట్టును, చీమ కుట్టినట్లైనను లేదందుము. పసిపిల్లకు చెవులు కుట్టింతుము. మాటాడదలచనివాడు నోరు కుట్టుకొని కూర్చుండును. కలుపునదియు కుట్టే, పొడుచునదియు కుట్టే. బాధించునదియు కుట్టే, బాధను మాన్పునదియు కుట్టే. పూలను దండగా చేయుటకు గ్రుచ్చుట యను వేరొక మాట యున్నను, పూలజడ దగ్గరకు వచ్చుసరికి గ్రుచ్చుట చాలక కుట్టుటే కావలసివచ్చినది. ఏలయన అక్కడ పువ్వు దారమునకు మాత్రమే కాదు, జడకును అంటి నిలువవలెను. అల్లుట యను క్రియ అదృష్టము వేరు. మనము కవిత లల్లుదుము, కథ లల్లుదుము, లేనిపోని కల్లలును అల్లుదుము. ఆంగ్లములో ఉన్నదానికి లేనిది చేర్చి చెప్పుటను ఎంబ్రాయిడరీ చేయుట యందురు; తెలుగులో ఆ నింద కుట్టుకు రాలేదు, అల్లికకే పోయినది. తెలుగున కుట్టు అబద్ధమాడదు. అది నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

వింత యేమనగా, ‘ఎంబ్రాయిడరీ’ అను మాట పుట్టుకలోను ఈ పొడుచుటయే దాగియున్నది. ఫ్రెంచివారి ‘బ్రోదే’ నుండి ఆంగ్లేయులు దానిని తీసికొనిరి. ఫ్రెంచివారికి అది జర్మానిక్ భాషల మూలమునుండి వచ్చినది. ఆ మూలమునకు మొన, పోటు అను అర్థములు చెప్పుదురు. సంస్కృతమున సీవనము, స్యూతము. లాటిను భాషలో కుట్టుటకు ‘సుయెరె’. ఆంగ్లమున ‘స్యూ’కు ‘సో’ యను ఉచ్చారణ. ఆసుపత్రులలో వినవచ్చు ‘సూచర్’: ఇవన్నియు ఒక్క గర్భమున పుట్టిన తోబుట్టువులు. సూత్రమును ఆ కుటుంబములోనిదే యని పండితులు తలంతురు; పాణిని వ్యాకరణమును, కంఠమున కట్టు మంగళసూత్రమును దారపుపోగు పేరనే నిలిచినవి. వేదములోనికి పోయినచో సూది మరింత ఆత్మీయముగా కనబడును. ఋగ్వేదము రెండవ మండలములో రాకయను పూర్ణిమాదేవతను స్తుతించుచు ఋషి, తెగని విరుగని సూదితో ఆమె తన పనిని కుట్టుగాక యని వేడుకొన్నాడు. సూది విరుగుట యెంత ఉపద్రవమో తెలిసిన యింటిలో పుట్టిన ప్రార్థన యిది. అదే వేదమున ఉషస్సు నర్తకివలె ‘పేశస్సు’లను ధరించి వచ్చును, పేశస్సనగా రంగుల చిత్రములతో శోభించు ఆభరణము, వస్త్రము. శుక్లయజుర్వేదమున ‘పేశస్కారి’ యను స్త్రీ పేర్కొనబడినది. చిత్రవస్త్రమును కుట్టునదియని ఆమెకు అర్థము చెప్పినవారు కలరు. పేశలమైన శైలియని మనము కవులను మెచ్చుకొనుచున్నాము కదా, ఆ పేశలమును ఈ పేశస్సు ఇంటి ఆడపడుచే. కవిని పొగడుటకు ఆమె పనిని అరువు తెచ్చుకొంటిమి గాని, ఆమెను పిలుచుటకు ఒక్క మాట మిగుల్చుకొనలేదు.

పారశీకులు ఈ విషయమున మనకంటె నయము. జర్ అనగా బంగారము, దోజీ అనగా కుట్టుట. జర్దోజీ అన్నచో బంగారు కుట్టు. ‘సూజన్’ అనగా సూది, దానినుండి సూజనీ. లాగుట యను అర్థము గల క్రియనుండి కశీదా. పేరు వినగనే చేయి కదలిక కనబడును. గుజరాతున కచ్ మోచీలు తోలు కుట్టు ఆరీనే పట్టు మీదికి తెచ్చి సన్నని గొలుసుకుట్టు పువ్వులు పూయించిరి. చెప్పు కుట్టిన సూదియే రాణివాసపు పావడాలను కుట్టినది. నేటి మన ‘మగ్గం వర్క్’ చేతులకు సూదిని ఇచ్చినది ఆ పరంపరయే. పంజాబువారి ఫుల్కారీ పువ్వుపని యను అర్థముతో నిలిచినది. మనకు మాత్రము ‘జిలుగు’ అను ఒక అందమైన మాట ఉండి కూడ పోయినది. సన్నదనము, నాజూకుతనము దాని అర్థము. ‘జిలుగుపని’ యన్నచో ఇట్టి సూక్ష్మమైన చేతిపని. ఇప్పుడు ఆ జిలుగు, వెలుగుతో జతకట్టి, చలనచిత్రముల దీపకాంతులను వర్ణించు వార్తలలో ‘జిలుగు వెలుగులు’ గా మిగిలినది.

మన పేరు పోవుటకు కారణము మన నేత గొప్పతనమే యని నా ఊహ. పదమూడవ శతాబ్దపు చివర మోటుపల్లి రేవు సీమను గూర్చి మార్కోపోలో వ్రాయుచు, రాణి యేలుబడిలోని ఆ దేశమున నేయు సన్నగుడ్డను సాలెగూటితో పోల్చినాడు; అతడే గుజరాతును గూర్చి చెప్పునప్పుడు ఎఱ్ఱని, నీలపు తోలుచాపల మీద వెండి బంగారు తీగలతో పక్షులను, మృగములను కుట్టుటను మెచ్చినాడు. ఆ దేశమున సూదిని, ఈ దేశమున నేతను చూచినాడన్నమాట. మన నేతగాడు అలంకారమును నేత ముగిసిన పిదప చేర్చలేదు, నేతలోనే ఇమిడ్చినాడు. గద్వాల చీరకు అంచు, ఉప్పాడకు పువ్వు, పోచంపల్లికి నూలుచిలపకే వేసిన ముడిరంగు. పెడన, శ్రీకాళహస్తులలో అద్దకము, కలము. ఇన్నియుండగా సూదికి పని లేకపోయినది. పనిలేని సూది ఎక్కడికి పోయినది? పాత చీరల మూటలోనికి పోయినది.

అవును, మన సూది చరిత్ర బొంతలో ఉన్నది. చివికిన నాలుగు చీరలను ఒకదానిపై నొకటి పరచి, మూలలకు రాళ్ళు పెట్టి, వేసవి మధ్యాహ్నము అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవారు ఎదురెదురుగా కూర్చుండి, ఒక అంచునుండి మరియొక అంచునకు వ్రేలెడు వ్రేలెడు ఎడముతో బారులు బారులుగా కుట్టుకొని పోవుట చూడనివారు నా యీడువారిలో లేరు. బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. వంగదేశమువారు ఆ పేరును ‘కాంథా’గా నిలుపుకొనుటయే గాక, పాత చీర అంచునుండి లాగిన రంగుపోగులతో ఆ బారుకుట్టునే తామరలుగా, చేపలుగా, పల్లకీలుగా పెంచి లోకప్రసిద్ధమైన కళ చేసిరి. మనము అతుకుల బొంతయని తిట్టుగా వాడుకొంటిమి. బౌద్ధభిక్షువునకు అనుమతించిన ఎనిమిది వస్తువులలో మూడు చీవరములు, భిక్షాపాత్రలతోబాటు సూది యొకటి. అమరావతి, నాగార్జునకొండ విహారములలో నివసించిన భిక్షువులును పారవేసిన గుడ్డపేలికలను కలిపి కుట్టుకొను సంప్రదాయములోనివారే. అలంకారము వెనుక వచ్చినదనియు, అతుకు ముందు వచ్చినదనియు నేను నమ్మెదను. చిరుగును మూయుటకు వేసిన కుట్టు కొంచెము వంకర పోయినప్పుడు, ఆ వంకర అందముగా ఉన్నదని ఎవరో స్త్రీ తలచి, ఇంకొకటి కావలెనని వేసిన నాడు ఈ కళ పుట్టియుండును. అందువలననే దీనిని భోగవస్తువుల జాబితాలో చేర్చుట నాకు నచ్చదు.

మరల ఆ మేడగదికి పోదము. నేను రెండవమారు పోయిన నాటికి నెమలి పూర్తి యైనది. కంటికి నీలిపూస, మెడకు ముత్యములు, తోకకు జరీతీగ. రవిక కుట్టి సిద్ధము చేసిన పిదప, ఇందాక మాటాడిన స్త్రీయే దాని మెడపట్టీ లోపలి వైపున ఒక చిన్న పట్టుపీలికను నాలుగు మూలల నాలుగు కుట్లు వేసి బిగించినది. ఆ పీలిక మీద దుకాణము పేరు ఉన్నది. పదునొకండు దినములు ఆ నెమలికి కన్నులిచ్చిన మనిషి, చివరి పన్నెండవ దినమున తన చేతితో వేరొకరి పేరును దానిపై కుట్టినది. కుట్టునప్పుడు ఆమె ముఖమున విచారమేమియు లేదు, అలవాటైన పని. నాకు మాత్రము వెంటనే తిరాజ్ గుడ్డలు తలపునకు వచ్చినవి. పూర్వము ఖలీఫాల రాజ్యములలో రాజు బహూకరించు వస్త్రముల అంచున పాలకుని పేరును, ఆశీర్వచనములను కుట్టించువారు. తిరాజ్ అను ఆ పారశీకపు మాటకు కుట్టుచిత్రమనియే మొదటి అర్థము. కాలక్రమమున ఆ పేరుపట్టీకిని, ఆపైన అవి తయారగు రాజశాలకును అదే పేరైనది. నేటి పాలస్తీనా స్త్రీల ‘తత్రీజ్’ అను మాటయు అక్కడిదే. బేయూ పట్టీని చేయించినవాడు విలియము తమ్ముడగు బిషప్ ఓడో యని చరిత్రకారులు ఊహింతురు. దానిని కుట్టిన ఒక్క చేతి పేరైనను నిలువలేదు. అక్బరు కాలమున లాహోరు, ఆగ్రా, ఫతేపూరు, అహమ్మదాబాదు కార్ఖానాల పేర్లు అబుల్ ఫజలు వ్రాతలో ఉన్నవి. ఊళ్ళు ఉన్నవి, చక్రవర్తి ఉన్నాడు, కుట్టినవాడు లేడు.

పేరు లేకపోవుట ఒక్క కీర్తికి సంబంధించిన లోపమే యైనచో నేనింత పట్టుపట్టను. అది కూలికి సంబంధించినది. దీనిని నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు లేసు చరిత్ర మనకు కన్నులకు కట్టించినది. లేసు కుట్టు కాదు, అల్లిక. దానికి ఆధారముగా గుడ్డ అక్కరలేదు, దారమే తనకు తాను నేల యగును. పంతొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ క్రోషా అల్లిక ఇంటింటికి ప్రాకి, గోదావరి డెల్టా ఆడవారి చేతి లేసు ఖండాంతరములకు పోయినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ యూళ్ళలో ఉండి పరిశీలించి 1982లో ఒక గ్రంథము వెలువరించినది. విదేశీ విపణికి సరకు చేయుచు దినమునకు గంటల తరబడి సూది ఆడించు ఆ స్త్రీలను కూలివారనక గృహిణులనుటయు, వారి పనిని తీరిక వేళ కాలక్షేపమని లెక్కించుటయు ఆ వ్యాపారమునకు పునాదియని ఆమె తేల్చినది. ఇంటిపట్టున కూర్చుండి చేసినది పని కాదను ఒక్క నమ్మకము మీద మేడలు లేచినవి. నరసాపురపు లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే, కాని ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును. ఆ ఊరి గడపలో కూర్చున్న సుబ్బమ్మను, మేరీని అది ఎరుగదు.

దీనికి ఎదురుగా నిలుచునది తండా. లంబాడీ స్త్రీ కుట్టు నాకెప్పుడును ఆశ్చర్యము. అది అమ్ముటకు పుట్టినది కాదు, తొడుగుకొనుటకు పుట్టినది. ఎద్దుల మీద ధాన్యము, ఉప్పు మోసి మొగలు సేనలకు, నిజాము సేనలకు అందించిన ఆ సంచారుల వృత్తిని రైలుబండి దెబ్బతీసినది. నేరస్థ జాతులని ముద్రవేసిన 1871 నాటి చట్టపు నీడ వారి మీదను పడినది. వృత్తి పోయిన పిమ్మటను సూది పోలేదు. కాంచళి యను రవిక మీద అద్దములు, పేటియా యను పావడా అంచున గవ్వలు, కడవ క్రింది చుట్టకు వెనుక వ్రేలాడు కుట్టుగుడ్డ, పాత నాణెములు. కిలన్, వేలే, మాకీ, నక్రా యని ఒక్కొక్క కుట్టుకు వారి బాసలో ఒక్కొక్క పేరు. అద్దము అంటుకొనునది జిగురుతో కాదు. ముందు అడ్డముగను నిలువుగను దారముతో బందము వేసి, ఆ బందము చుట్టును కుట్టును త్రిప్పి త్రిప్పి పొదిగెదరు. పాలస్తీనా పల్లెలలో ఒకప్పుడు స్త్రీ రొమ్ముపట్టీ కుట్టును చూచి ఆమె ఏ యూరిదో చెప్పగలిగెడివారు. 2021లో యునెస్కో వారసత్వపు పట్టికలోనికి చేరినది ఆ కుట్టే. తండా కుట్టును అట్టిదే. అక్కడ పేరు వేరుగా వ్రాయనక్కరలేదు, కుట్టే చిరునామా. ఆ చిరునామాను చెరిపి, ముక్కలుగా కోసి, సంచులకును దిండ్లకును అతికించి ‘గిరిజన శైలి’ యని అమ్ముటలో నాకు వ్యాపారము కంటె మరపు ఎక్కువగా కనబడుచున్నది.

యంత్రము మీద నాకు కోపము లేదు. జోసువె హైల్మన్ 1828లో మ్యూలూజు పట్టణమున కుట్టుచిత్రపు యంత్రమును నిర్మించినాడు. స్విట్జర్లాండువాడగు ఈజాక్ గ్రోబ్లీ 1863లో ‘షిఫ్లీ’ యంత్రమును కనిపెట్టినాడు. షిఫ్లీ యనగా చిన్న పడవ. దానిలో దారము మోయు పరికరము నేతగాని నాడెవలె పడవ ఆకారమున ఉండుటచే ఆ పేరు. సూది మరియొకసారి మగ్గమునుండి పేరు అరువు తెచ్చుకొన్నది. ఇప్పుడు కంప్యూటరు యంత్రములు గంటలో పది నెమళ్ళను దింపుచున్నవి. తక్కువ వెలకు రంగుల రవిక తొడుగుకొను పేద పెండ్లికూతురును చూచి ఏడువవలసిన పని లేదు. కాని చేతిపని యని చెప్పి చేతిపని ధర తీసికొనునప్పుడు, ఆ చేయి ఎవరిదో చెప్పుట న్యాయము. రవికకు వేలు చెల్లించు మనము చీటీ మీద ముత్యముల ఖరీదు, జరీ ఖరీదు, కుందనముల ఖరీదు చూచుచున్నాము. పదునొకండు దినములు అను మాట అక్కడ లేదు. నేను కోరునది చిన్న విషయము. చీటీ మీద కుట్టినవారి పేరు, పట్టిన దినముల సంఖ్య వ్రాయుడు. దుకాణము పేరు కుట్టిన పట్టుపీలిక మీద రెండవ పంక్తికి చోటున్నది. జనాభా లెక్కలకు వచ్చినవారు ఇంటి గడపలో లేసు, కుట్టు చేయుచున్న స్త్రీని చూచి ‘గృహిణి’యని గీతగీసి పోక, ఏమి పని, ఎన్ని గంటలని ఆమెనే అడుగవలెను. నలుబది యేండ్లు నిండకయే మసకబారు ఆ కన్నులకు వైద్యము ఎవరు చేయింతురో, ఆ పేరు, ఆ దినములు కాగితము మీదికి ఎక్కిన నాడు గాని తేలదు. బడిలో బాలురకును బాలికలకును గొలుసుకుట్టు, కాడకుట్టు, కాజాకుట్టు నేర్పవలెను. చొక్కా గుండీ తెగినచో తల్లిని వెదకు మగవాడు, రవిక ధరను బేరమాడుటకు అర్హుడు కాడు.

మా మేనత్త మూడవ తరగతితో చదువు మానినది. మధ్యాహ్నము వంటిల్లు సర్దినపిదప వసారాలో గోడకానుకొని, ఆరుపోగుల రంగుదారమును రెండేసి పోగులుగా చీల్చి, కొన నాలుకతో తడిపి సూదిలో ఎక్కించి, గుండ్రని చట్రములో బిగించిన గుడ్డ మీద చిలుకలు కుట్టుచుండెడిది. ఆ రోజులలో మర్యాదస్తుల యిండ్లలో దిండు గలీబుల మీద ‘గుడ్ నైట్’ అని ఆంగ్లమున కుట్టుట ఆచారము. ఆమెకు ఆంగ్లము రాదు. ప్రక్కయింటి గలీబును చూచి అక్షరములను పువ్వులను చూచినట్లు చూచి కుట్టెడిది. ఆమె పోయిన పదునాలుగేండ్లకు పాత యిల్లు అమ్మునప్పుడు ఇనుపపెట్టె తెరచితిమి. అడుగున పదిపన్నెండు గలీబులు, మడతలకు పసుపుపచ్చని చారలు పడినవి. మా నాయనమ్మవి, పిన్నివి, కోడండ్రవి అన్నియు కలిసిపోయినవి, అన్నింటి మీదను అవే పువ్వులు, అదే ‘గుడ్ నైట్’. మా చెల్లెలు ఒక్కొక్కటి వెలుతురున పట్టి చూచుచు, ఒకదాని దగ్గర ఆగినది. ‘నైట్’లోని మొదటి అక్షరము, ఆంగ్లపు ‘ఎన్’, అద్దములో చూచినట్లు తిరుగబడి యున్నది. దాని అడ్డగీత పడవలసిన దిక్కునకు ఎదురు దిక్కున, ఎంతో శ్రద్ధతో, పోగు వెంట పోగుగా, ముదురు ఎఱుపు దారముతో కుట్టబడి యున్నది. “అన్నయ్యా, ఇది అత్తయ్యదే” అని, దానిని నాలుగు మడతలు పెట్టి ఒడిలో ఉంచుకొన్నది.